ప్రిస్కిల్లా చేతులు

ఆస్పత్రి యజమానులారా! మీ మేడలకు ఇటుకలు మోసిన మనిషి బిడ్డ మీ వార్డులోనే చస్తే, ఆ పాపం నెత్తిన రుద్దడానికి ఒక నర్సు దొరికితే చాలు మీకు. 1998లో కె.ఆర్.పురంలో మీరు చేసింది అదే.

ఆ నర్సు ప్రిస్కిల్లా. జూలై పదిహేనున ఆమె డిటెక్టివ్ రామాంజినప్ప గదిలోకి వచ్చినప్పుడు, ఆయన సహాయకురాలు శైలజ ముందు చూసింది ఆమె చేతుల్నే. ఫినాయిలుతో కడిగి కడిగి తోలు ఊడిపోయి ఉన్నాయి.

"ఐదుగురు పసిబిడ్డలు పోయినారు సార్. ఏ మందుకూ లొంగని క్రిమి అంట. అది నా చేతుల మీదే ఉండాదని ల్యాబులో తేలిందంట. రేపు నన్ను పోలీసులకు పట్టిస్తారు."

"నువ్వు నమ్ముతున్నావా?" అన్నాడు రామాంజినప్ప.

"నమ్మక ఏం చేసేది? ఐదుగురికీ సూది ఏసింది నేనే కదా!"

"పరీక్ష చేసిందెవరు?"

"జ్యోత్స్న మేడమ్. ఇట్లాంటి మొండి క్రిముల మీదే ఏండ్ల తరబడి పరిశోధన ఆయమ్మది. పగిలిన గాజు గుచ్చుకొని, అదే క్రిమి రక్తంలోకి ఎక్కి, ఆయమ్మా పోయింది సార్. పదకొండో తేదీ."

రామాంజినప్ప ఒకప్పుడు పీణ్య ఫ్యాక్టరీలో సరుకు తనిఖీ చేసినవాడు. ఏ వస్తువు చేతికొచ్చినా నాలుగు పక్కలా చూడందే ఆయనకు తోచదు. మధ్యాహ్నానికి శైలజను వెంటబెట్టుకొని జ్యోత్స్న ల్యాబుకు వెళ్ళాడు. క్రిములు పెంచే గుండ్రటి గాజు పళ్ళాలు అక్కడ బోర్లించి ఉన్నాయి.

"ఎందుకప్పా తలకిందులుగా పెట్టినావు?" అని ల్యాబు పనిమనిషి పెద్దమునియప్పను అడిగాడు.

"మూతకు చెమ్మ పడుతుంది సార్. అది క్రిముల మీద కారితే అంతా పాడే. మొదటి దినమే నేర్పించింది జ్యోత్స్నమ్మ." ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. "మూతను నమ్మొద్దు మునియప్పా, అది దేనిదైనా దేనికైనా పడుతుంది అనేది."

"ఆమె కడసారి వచ్చిందెప్పుడు?"

"తొమ్మిదో తేదీ. ఒళ్ళు కాలిపోతా ఉన్నా ఒక పళ్ళెం గుడ్డలో చుట్టుకొని ఆస్పత్రికి పోయింది. ఈ పొద్దే చెప్పల్ల అనింది. మళ్ళా రాలేదు."

మర్నాడు ఆస్పత్రి గదిలో అందరూ కూర్చున్నారు. యజమాని గోపాలప్ప, ఇన్‌స్పెక్టరు, ప్రిస్కిల్లా, పన్నెండో తేదీన బిడ్డను పోగొట్టుకున్న కూలి మనిషి గంగమ్మ. గోపాలప్ప ఒక గాజు పళ్ళెం బల్ల మీద పెట్టాడు. మూత మీద చీటీ: 'ప్రిస్కిల్లా చేతులు'.

"జ్యోత్స్న మేడమే నా చేతికిచ్చింది. ఇంకేం కావాల?"

పళ్ళెంలో క్రిములు పెంచే ఎర్రటి ముద్ద. పైనుంచి చూస్తే అడుగు కనపడదు. రామాంజినప్ప దాన్ని తిరగేశాడు.

"ల్యాబు మనిషి మూత మీద రాయదు గోపాలప్పా. మూత మారుతుంది, పళ్ళెం మారదు. చదువు శైలజా."

అడుగున సన్నటి చేతిరాత. శైలజ చదివింది. "రెండో వార్డు. గ్లూకోజు సీసా. జూలై ఏడు."

ప్రిస్కిల్లా అదిరిపడింది. "ఆ సీసానా? బిడ్డలందరి మందూ దాంతోనే కలిపేది సార్. మూతకు సూది గుచ్చే ఉంటుంది. అయిపోయేదాకా ఎన్ని దినాలైనా అదే వాడమని ఈ గోపాలప్ప సార్ ఆర్డరు."

"ఆ తీపినీళ్ళలో క్రిమి పెరిగింది. మందుతో పాటే బిడ్డల నెత్తుట్లోకి పోయింది," అన్నాడు రామాంజినప్ప. "తొమ్మిదో తేదీన జ్యోత్స్న నీకు చెప్పింది గోపాలప్పా. ఆమె చనిపోగానే నువ్వు మూత మీద చీటీ అంటించినావు. అడుగున రాసుంటుందని నీకు తెలీదు."

"సుమ్నే, ఊరికే నా మీద ఏదో ఒకటి అంటించొద్దప్పా! నేనేమన్నా డాక్టరునా?"

"కాదు. అందుకే దొరికినావు."

గంగమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "తొమ్మిదికే తెలుసా? నా బిడ్డ పోయింది పన్నెండున కదా."

కేసు గెలిచాక రామాంజినప్ప తల దించుకోవడం శైలజ అంతకుముందెన్నడూ చూడలేదు.

"సూది ఏసింది నేనే గంగమ్మా," అంది ప్రిస్కిల్లా.

కాదని గంగమ్మ అనలేదు. "ఏడుపు తర్వాత. ఆ సీసా ఇప్పుడు యాడుండాది?"

"అది అయిపోయుంటుంది. అట్లాంటిదే ఇంకోటి పెట్టుంటారు."

"లోపల బిడ్డలెంతమంది?"

"నలుగురు."

గంగమ్మ లేచి తలుపు బార్లా తీసింది. "పోలీసులు, కోర్టులు మళ్ళా చూసుకోండి. ఇంకా కూర్చున్నారేందప్పా? లేయండి! ఆ సీసా పారేయండి. బిడ్డకొక కొత్త సీసా పెట్టండి. రేపు కాదు, ఇప్పుడే!"