మొదలు లేని పుట్టగొడుగు

“ఇది తినేదా, విషమా? ఒక్క ముక్కలో చెప్పండి చాలు!”

కళాశాల ప్రయోగశాలలో డబ్బా బల్ల మీద పెడుతూ అడిగాడు వంటవాడు. పుట్టగొడుగుల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి మూత తీసి చూసింది.

“దీని మొదలేదీ?”

“మట్టి అంటుకుందని కోసి పారేశాను.”

“అయ్యో! ఇలాంటివే రెండు జాతులున్నాయండీ. ఒకటి కడుపునొప్పితో వదిలేస్తుంది. రెండోది కాలేయాన్ని తినేస్తుంది. ఆ మొదలు చూస్తేనే తేడా తెలిసేది.”

“మా అక్క ఆస్పత్రిలో ఉంటే మీకు జాతుల గొడవా?”

“జాతి తెలిస్తేనే కదా, రేపు ఏమవుతుందో తెలిసేది! ఇప్పుడెలా ఉన్నారు?”

“తిన్న పది గంటలకి వాంతులు మొదలయ్యాయి. పొద్దున్నుంచి తగ్గాయి. సాయంత్రం ఇంటికి పంపేస్తారట.”

ఆమె ముఖం పాలిపోయింది. “పదండి. ఆ చెత్త ఎక్కడ పారేశారు?”

వానలో తడుస్తూ ఇద్దరూ అతని పెరటి చెత్తకుప్ప కెలికారు. చివరికి ఆమె చేతికో ముక్క దొరికింది. దాని అడుగున చిన్న గిన్నెలా తెల్లటి తొడుగు. కాలేయాన్ని తినేసే జాతికుండే గుర్తు అదే. ఆమె వెంటనే ఆస్పత్రి డాక్టరుకు ఫోన్ చేసింది.

“ఆవిడని ఇంటికి పంపకండి. మధ్యలో తగ్గినట్టుండటం కూడా ఈ జాతి లక్షణమే.”

మూడో రోజుకి అక్క కళ్ళు పచ్చబడ్డాయి. తమ్ముణ్ణి గుర్తుపట్టలేదు. అమ్మా నాన్నా పోయాక అతన్ని పెంచి పెద్దచేసింది ఆ అక్కే.

“నేను ముట్టకుండా అంతా నా చేత్తోనే అక్కకి పెట్టాను. వంట నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదని విర్రవీగాను” అన్నాడు వరండాలో, గోడకేసి చూస్తూ.

“ఈ జాతి ఇటువైపు మొలుస్తోందని నాకు కిందటేడే తెలుసు” అందామె మెల్లగా. “పరిశోధనా పత్రంలో రాసి ఊరుకున్నాను. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.”

అతను లేచి దూరంగా వెళ్ళిపోయాడు. రెండు రోజులు పలకలేదు. అయినా ఆమె వచ్చి ఎదురు బెంచీ మీద కూర్చునేది.

ఆరో రోజు డాక్టరు, “చేయగలిగిందంతా చేశాం” అని తలదించుకున్నాడు. వంటవాడు వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు.

“నన్ను వెళ్ళిపొమ్మంటారా?” అందామె.

“వద్దు. ఒక్కణ్ణీ ఉండలేను.”

ఇద్దరూ ఆశ వదిలేసుకున్న తొమ్మిదో రోజు పొద్దున్న అక్క కళ్ళు తెరిచింది.

“ఏరా, మొహం అలా పీక్కుపోయిందేం? ఈ పిల్లెవరు?”

“పుట్టగొడుగుల...”

“ఛీ, ఆ మాటెత్తకు!”

ఆ అమ్మాయి నవ్వబోయి ఏడ్చేసింది.

“ఈవిడ లేకపోతే నువ్వు దక్కేదానివి కాదక్కా. ఇక ఈవిడ లేకపోతే నేనూ ఉండలేను” అన్నాడతను, ఆమె వైపు చూడలేక.

అక్క ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “వీడి చేతి వంట తినే ధైర్యముందా అమ్మా నీకు?”

అన్నాళ్ళూ బిగబట్టిన ఏడుపు అతనికి ఒక్కసారిగా పొంగుకొచ్చింది. ఆమె మొదటిసారి అతని చెయ్యి పట్టుకుంది.

“తింటానండీ. కూరలు మాత్రం నేనే ఏరిస్తాను.”