గుట్టలు లేని గది

1973 జూన్. హఫీజ్‌పేట స్టేషన్‌లో వానకు తడవని బెంచీ ఒక్కటే ఉంది. ఒక కొసన సాయిలు, ఇంకో కొసన తెలియని అమ్మాయి. ఇద్దరి చేతుల్లోనూ రేడియో కేంద్రం పంపిన కవరే. అనౌన్సర్ల పరీక్షకు పిలుపు. ఆమె కవరుకు ఒక చిట్టీ కూడా తోడుంది.

"గదేంది?" అన్నాడు సాయిలు.

"మా బాబాయి రాసిచ్చారండి. అక్కడి ఆఫీసరు ఆయన స్నేహితులు."

ఆమె దాచలేదు. అందుకే అతనికి ఇంకా మండింది. ఆరేళ్లుగా రిక్షాలో మైకు పెట్టుకుని డేరా టాకీసు సినిమాలు చాటుతున్నాడు. మూసాపేట నుంచి గచ్చిబౌలి దాకా అతని గొంతు ఎరగని గడప లేదు. ఈ నెలతో వయసు హద్దు దాటిపోతుంది. మళ్లీ పిలవరు.

"నేను ఆరేండ్లు గొంతు అరగదీసిన. నీకు కాయితం ముక్క చాలు."

"శుక్రవారం మా క్వార్టర్ల వెనక అరిచేది మీరేనా? నా మధ్యాహ్నం నిద్ర బాకీ ఉన్నారు."

పేరు నాగేశ్వరి. తండ్రి ఈ స్టేషన్‌లోనే గుమాస్తా, కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చాడు. రైల్లో సాయిలు కావాలనే దూరంగా కూర్చున్నాడు. ఆమె జడ కొసన వాననీరు కారడం ఎన్నిసార్లు చూశాడో మాత్రం చెప్పడు.

పరీక్షలో అతని వంతు ముందొచ్చింది. వార్త చదివాడు. ఒక వాక్యం చదివి ఆగాడు. ఇంకొకటి చదివి ఆగాడు. ఆఫీసరు రామ్మోహనరావు కాగితం మీద 'తడబాటు' అని రాసి, వెళ్లమన్నాడు.

వరండాలో పెట్టిన స్పీకరులో నాగేశ్వరి అంతా విన్నది. ఎందుకు ఆగారని అడిగింది.

"ఊర్లల్ల చాటేటప్పుడు బండగుట్టలకు తాకి మాట తిరిగొస్తది. వచ్చేదాక ఆగాలె. లేకుంటే రెండు మాటలు కలిసిపోతయి."

"ఆ గదిలో గుట్టల్లేవు కదండి."

"గందుకే మాట తిరిగి రాలె."

ఆమె నవ్వలేదు. తన వంతుకు లోపలికెళ్లి, చిట్టీ ఇచ్చి, ముందు అతని సంగతి చెప్పింది. రామ్మోహనరావు సాయిలును మళ్లీ పిలిపించాడు.

ఈసారి అద్దం అవతల నాగేశ్వరి నిలబడింది. ఒక్కో వాక్యం ముగియగానే తల ఊపింది. ఆమె తల ఊపగానే సాయిలు తర్వాతి వాక్యం అందుకున్నాడు. ఎక్కడా ఆగలేదు.

ఇద్దరికీ పని దొరికింది.

"నువ్వు చేసింది గూడ సిఫారసే" అన్నాడు సాయిలు, తిరుగు రైల్లో ఎదురుగా కూర్చుని.

"అవునండి. నాకు చిట్టీతో వచ్చింది. మీకు గొంతుతో వచ్చింది. తేడా నాకు తెలుసు."

తెలిసినంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. ఏడాదంతా ఆ చిట్టీ మాట దెప్పాడు సాయిలు. ఆమె కాదనలేదు. ఆదివారాలు అతను ఇంకా మానని సినిమా రిక్షా ఎక్కి, మైకు పట్టి, ఊరూరా చాటింది. గొంతు బొంగురుపోయింది. మానలేదు. అప్పుడు దెప్పడం మానాడు.

తరవాతి జూన్‌లో ఆమె తండ్రిని వెళ్లి పెళ్లి మాట అడిగాడు. ముందు అమ్మాయినే అడగమన్నాడాయన.

గచ్చిబౌలి గుట్టల కింద, సన్నని తుంపరలో రిక్షా ఆపాడు. మైకు ఆపడం మరిచాడు.

"నాగేశ్వరీ, నన్ను చేసుకుంటవా?"

పొలాల్లో నాట్లు వేసేవాళ్లు నడుములెత్తి చూశారు. సాయిలు అలవాటుగా ఆగాడు.

నాగేశ్వరి ఆగలేదు. అతని చేతిలోంచి మైకు లాక్కుంది.

"చేసుకుంటానండి."

గుట్టల దగ్గర రెండు మాటలూ కలిసిపోయాయి.