విప్పని పేజీలు

తోనె నది గట్టు తెగి టోక్యో తూర్పు వాడలు మునిగిన ఏడు అది. యుద్ధం ముగిసి రెండేళ్లు. కాగితానికి కరువు.

తమెకిచి టోక్యోలోని కంద అనే పేటలో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు ఏరి పేజీలు కూర్చేవాడు. చదివింది మూడు తరగతులు. మాటల్లో మహా పొదుపు.

ఆ వసంతంలో మిసావో అనే అమ్మాయి తన మొదటి నవల రాతప్రతి పట్టుకుని గుమ్మంలోనే గొడవకు దిగింది.

"నా రాత చదవలేమని తిప్పి పంపింది మీరేనా?"

మేస్త్రి గొరోజి నవ్వాడు. "అది రాతా అమ్మా? కోడి కెలికినట్టుంది."

తమెకిచి పై కాగితం తీసుకుని తడుముకోకుండా చదివేశాడు.

"మీకెలా అర్థమైంది?"

"నా రాతా ఇంతే."

ఆనాటి నుంచి ప్రూఫుల వంకతో ఆమె రోజూ వచ్చేది.

"ఇక్కడ కామా ఎందుకు పెట్టారు?"

"మీరే పెట్టారు."

"అక్కడ ఈగ వాలిందండీ!"

"అయితే ఈగనే అడగండి."

నవల కూర్చడం పూర్తయింది. అంతలో ప్రచురణకర్త కాగితం లేదని ఆపేశాడు. మిసావో రాతప్రతి, ప్రూఫులు మూటకట్టుకుని తూర్పు వాడ కత్సుషికలోని ఇంటికి వెళ్లిపోయింది.

"ఒరేయ్, ఆ పేజీల కట్లు విప్పి సీసపు అక్షరాలు తిరిగి వాటి గళ్లలో వేసెయ్" అన్నాడు మేస్త్రి.

తమెకిచి తల ఊపాడు. కాని మర్నాటి నుంచి ఏ గడి చూసినా వెలితే.

"ఎలుకలు సీసం కూడా తింటున్నాయట్రా?" అని మేస్త్రి అరిచేవాడు. తమెకిచి తల వంచుకుని అక్షరాలు ఏరుకునేవాడు.

ఆ శరత్తులో నది గట్టు తెగింది. వరద తీశాక మిసావో మోకాళ్ల దాకా బురదతో వచ్చింది. చేతిలో మూట. విప్పితే గంజిలా అయిన కాగితం.

"ఇప్పుడు కాగితం దొరికిందట. నెలాఖరులోగా అచ్చు కాకపోతే ఇంకొకరి పుస్తకానికి ఇచ్చేస్తారట. నా దగ్గర మిగిలింది ఇదే."

తమెకిచి నిచ్చెన ఎక్కాడు. అటక మీంచి దారంతో కట్టిన ఒక పేజీ దింపి ఆమె ముందు పెట్టాడు. మళ్లీ ఎక్కి ఇంకొకటి.

"నూటపన్నెండూ ఉన్నాయి."

"ఓరి దొంగా! ఎలుకవి నువ్వా?" అన్నాడు మేస్త్రి.

సీసంలో అద్దంలోలా తిరగబడి ఉన్న తన మొదటి వాక్యాన్ని మిసావో వేలితో తడిమింది. "ఎందుకు విప్పలేదు?"

"చేతులు రాలేదు."

నెలాఖరుకు రెండు రోజుల ముందే అచ్చు ముగిసింది. అక్కడి ఆచారం ప్రకారం ప్రతి పుస్తకంలోనూ రచయిత ముద్ర కొట్టిన చీటీ అంటించాలి. చీటీలు రెండు వేలు. మిసావో ముద్ర కొడుతుంటే తమెకిచి విసనకర్రతో ఆరబెడుతున్నాడు.

"చేతులు రానిది పుస్తకం మీద ప్రేమతోనా, రాసిన మనిషి మీద ప్రేమతోనా?" అని అడిగింది మిసావో.

విసనకర్ర ఆగింది. "మనిషి మీద."

"వీడు ఏడాదికి పది మాటలాడతాడమ్మా. అందులో రెండు నీకిచ్చేశాడు, వదులుకోకు" అన్నాడు మేస్త్రి.

మిసావో తమెకిచి ఎడమ చెయ్యి లాక్కుని అరచేతిలో ఎర్రగా ముద్ర కొట్టింది.

"నా ముద్ర ఉన్నది నాదే. ఇక అచ్చయిపోయినట్టే!"

మర్నాడు పొద్దున్నే తమెకిచి నూటపన్నెండు పేజీలూ విప్పి, ఏ అక్షరాన్ని ఆ గడిలో వేశాడు. అంతా కుడిచేత్తోనే. ఎడమ చెయ్యి ఇంకా కడుక్కోలేదు.