కారులో బాలింత

బానెట్ ఎత్తీ ఎత్తగానే ఎర్రిస్వామి కెవ్వున అరిచి, వెనక్కి ఎగిరి, ఎద్దుల కుడితి తొట్టిలో కూర్చున్నాడు.

కూర్చున్నాడు అనడం మర్యాద కోసం. నిజానికి పడ్డాడు. కుడితి నడుము దాకా వచ్చింది. ధర్మవరం గ్యారేజీ నుంచి రెండు బస్సులు మారి వచ్చిన మెకానిక్‌కు అది తగిన స్వాగతం కాదు. అయినా ఆయన ముఖంలో ఏమీ జరగనట్టే ఒక గాంభీర్యం తెచ్చిపెట్టుకున్నాడు.

మగ్గం గది గుమ్మంలో ఒక అమ్మాయి పట్టుదారం చుట్టిన కండెల బుట్ట చంకన పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏమైందప్పా?" అంది.

"కరెంటు కొట్టింది."

"యాడ?"

"బండిలో."

"ఆ బండిలో బ్యాటరీ తీసేసి రెండేండ్లయింది."

ఎర్రిస్వామి కాసేపు ఆలోచించాడు. "పాత కరెంటు కొంచెం మిగిలిపోయింటాది" అన్నాడు.

"ఉంటాదిలే. అయితే దానికి తోక యాడిది? ఇప్పుడే నా కాళ్ళ సందులోంచి పోయింది."

ఎర్రిస్వామికి ఎలుకలంటే చిన్నప్పటి నుంచీ చచ్చేంత భయం. ఈ సంగతి ఇంతవరకూ వాళ్ళమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. గ్యారేజీ ఓనరుకు తెలిస్తే పరువు పోతుందని జాగ్రత్తగా దాచుకున్నాడు. ఇప్పుడు కండెల బుట్ట పట్టుకున్న ఈ పిల్లకు, వచ్చిన గడియలోనే తెలిసిపోయింది.

ఆ పిల్ల పేరు భద్రమ్మ. ఇంటి యజమాని హనుమంతరాయుడి కూతురు. నవ్వు ఆపుకోవడం చేతకాక మూతికి పమిట అడ్డం పెట్టుకుంది కానీ, కళ్ళకు అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది. ఎర్రిస్వామి ఆ కళ్ళ వైపు చూశాడు. కుడితి చల్లగా ఉందన్న సంగతి కూడా మరిచిపోయాడు.

అంతలో హనుమంతరాయుడు వచ్చాడు. "ఏమప్పా, వచ్చీరాంగానే నీళ్ళు పోసుకుంటాండావే?"

"ఎండ జాస్తి ఉండాది గదన్నా" అన్నాడు ఎర్రిస్వామి.

కారు కథ చిన్నదే. పట్టుచీరలకు మంచి గిరాకీ ఉన్న ఏడాది హనుమంతరాయుడు ముచ్చటపడి ఒక పాత అంబాసిడర్ కొన్నాడు. ఆ వెంటనే పెట్రోలు ధర చుక్కలనంటింది. కారు కొట్టంలోకి చేరింది. ఆ పైన వానలు మొహం చాటేశాయి. పస్తులున్నా విత్తనపు కాయలు తినకూడదని ఆయన పట్టుదల. వేరుశెనగ మూటలు ఎక్కడ దాచాలా అని ఇల్లంతా వెతికితే, తాళం పడే చోటు కారు ఒక్కటే కనిపించింది. డిక్కీలో కొన్ని, వెనక సీటు మీద కొన్ని సర్ది, తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. దొంగలు తలుపు గుండా వస్తారని ఆయన లెక్క. ఎలుకలు కింది నుంచి వచ్చాయి.

ఇప్పుడు ఆ కారు కదలాల్సి వచ్చింది. పెళ్ళిళ్ళ పేరయ్య గోరంట్ల సంబంధం తెస్తూ, పిల్ల వాళ్ళకు కారుందని గొప్పగా చెప్పాడు. గోరంట్ల వాళ్ళు వెంటనే కబురు పంపారు. శుక్రవారం కారు పంపిస్తే పిల్లను చూసుకోవడానికి వస్తామన్నారు.

"శుక్రవారానికి బండి వాళ్ళ వాకిట్లో నిలబడల్ల" అన్నాడు హనుమంతరాయుడు. "నిలబడకపోతే సంబంధం పోతాది."

"నిలబెడతానన్నా" అన్నాడు ఎర్రిస్వామి, ఏ సంబంధమో అడక్కుండానే.

అడిగిన తర్వాత మాత్రం, అది భద్రమ్మ సంబంధమని తెలిసి నాలుక కరుచుకున్నాడు. అప్పటికే భద్రమ్మ పొడి పంచె తెచ్చి గోడ మీద వేసి, "మా నాయనది. ఎలుకలు కొరకలేదు, చూసే తెచ్చినా" అని వెళ్ళిపోయింది. ఆ ఒక్క మాటతో ఎర్రిస్వామి పని అయిపోయింది.

ఇంకో చిక్కు కూడా వచ్చి పడింది. ఎర్రిస్వామీ నేతగాళ్ళ పిల్లవాడే, వాళ్ళ నాయనకు ధర్మవరంలో మగ్గాలున్నాయి. కులం చిక్కు లేదు. నోటి చిక్కు ఉంది. హనుమంతరాయుడిని 'అన్నా' అని పిలిచాడు. అన్న కూతురు తనకు కూతురు వరస అవుతుంది. ఆ రాత్రి ఆ లెక్క ఆయనకు నిద్రపట్టనివ్వలేదు.

మరునాడు తెల్లవారగానే, "మామా, ఒక పట్టకారు ఉంటే ఇస్తావా?" అన్నాడు.

హనుమంతరాయుడు ఇచ్చాడు. అరుగు మీద కూర్చున్న ఆయన తల్లి ఓబమ్మ మాత్రం చిన్న రోట్లో వక్కాకు దంచడం ఒక్క క్షణం ఆపి, మళ్ళీ మొదలుపెట్టింది.

పని సాగింది. ఊళ్ళో ఒక ట్రాక్టరు బ్యాటరీ అడిగి తెచ్చి బిగించాడు. ఎలుకలు కొరికిన వైర్లను ఎర్రిస్వామి మగ్గం మీద పడుగు దారాలు అతికినట్టు ఒక్కొక్కటే మెలిపెట్టి అతికాడు. దుమ్ముకు వైర్లన్నీ ఒకే రంగులో ఉన్నాయి. ఏది దేనికి పోతుందో దేవుడికి వదిలేశాడు. సాయంత్రానికి అతికినవన్నీ పొద్దున చూస్తే మళ్ళీ తెగి ఉండేవి.

రోజూ ఎండ నెత్తికి వచ్చే వేళకు భద్రమ్మ మజ్జిగ చెంబుతో వచ్చేది.

"బండి ఎప్పుడు కదుల్తాదప్పా?"

"కదుల్తాదిలే అమ్మణ్ణీ. అంత తొందరేమి?"

"శుక్రవారం వస్తాండాది గదా."

"వస్తే రానీ. గోరంట్ల యాడికీ పోదు."

"నువ్వు గూడా యాడికీ పోయేటట్లు లేవు" అని చెంబు తీసుకుని వెళ్ళేది.

పెళ్ళికొడుకు కోసం ఎంత తహతహ, అని ఎర్రిస్వామి లోలోపల ఉడికిపోయేవాడు. ఆ ఉడుకులో స్పానరు రెండుసార్లు కాలి మీద వేసుకున్నాడు.

బుధవారం తాళం చెవి అడిగి తీసుకుని, వెనక సీటు మీది మూటలు డిక్కీలోకి మార్చి, సీటు ఎత్తాడు. ఎత్తినవాడు అలాగే నిలబడిపోయాడు. ఈసారి అరుపు కూడా రాలేదు.

సీటు కింద ఒక గూడు. మగ్గం గది నుంచి ఎత్తుకొచ్చిన పట్టుపోగులు, జరీ ముక్కలు, కొబ్బరిపీచు కలిపి మెత్తగా అల్లుకుంది. ఎరుపు, పసుపు, మధ్యమధ్య బంగారపు మెరుపు. అందులో వేలెడంత ఎర్రటి పిల్లలు, ఇంకా కళ్ళు తెరవనివి, ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. తల్లి ఎలుక పారిపోలేదు. ఎర్రిస్వామి వైపు చూసింది. ఆయనా దాని వైపు చూశాడు. ఎవరు ఎక్కువ భయపడ్డారో చెప్పడం కష్టం.

భద్రమ్మ కేక వేస్తే ఇంటిల్లిపాదీ వచ్చారు. హనుమంతరాయుడు చీపురు ఎత్తాడు. ఓబమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"బాలింత" అంది.

"అమ్మా, అది ఎలుక."

"ఎలుకైతే నొప్పులు రావా? మన కొట్టంలో పురుడు పోసుకునింది. బాలింతను ఇంట్లోనుంచి తరిమినోళ్ళు యాడన్నా ఉండారా? పురుడు వెళ్ళేదాకా ఈ బండి కదిలేది లేదు."

"శుక్రవారం గోరంట్ల వాళ్ళకు ఏం చెప్పల్ల?"

"ఇంట్లో పురుడని చెప్పు."

"ఎవరికని అడిగితే?"

"అడిగితే చూపిస్తాంలే."

తల్లి మాట జవదాటే ధైర్యం హనుమంతరాయుడికి లేదు. ఆ పూటే వెల్లుల్లి కారం కలిపిన అన్నం ముద్ద, బాలింతలకు పెట్టే కాయం మందు చిటికెడు ఆకులో పెట్టి కారులోకి పంపింది ఓబమ్మ. పంపింది ఎర్రిస్వామి చేత. ఆయన కళ్ళు మూసుకుని, చెయ్యి చాచి, ఆకు గూటి పక్కన విసిరి పరుగెత్తుకొచ్చాడు.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నారు. ఎర్రిస్వామి బానెట్ కింద తల పెట్టి తెగిన వైర్లు చూస్తుంటే, ఒక వైరు వేలికి జిగటగా తగిలింది. వాసన చూశాడు. నాకి చూశాడు. బెల్లం.

తల తిప్పితే భద్రమ్మ. వెనక దాచుకున్న చేతిలో బెల్లం గడ్డ.

"నువ్వా?" అన్నాడు.

"నేనే. రోజూ పూస్తాండా. బెల్లం పూస్తేనే అవి వైర్లు కొరుకుతాండాయి."

"మరి రోజూ బండి ఎప్పుడు కదుల్తాదని అడుగుతివే?"

"కదలదని చెప్తావేమోనని." ఆమె తల వంచుకుంది. "ఆ గోరంట్ల ఆయప్ప నా పేరడగలేదంట. కారు ఏ మోడలని అడిగినాడంట. అట్లాంటోని కోసం బండి బాగుచేస్తాండావే, నీకు బుద్ధేమన్నా ఉండాదా అసలు?"

 ఎర్రిస్వామి చొక్కా జేబులో చెయ్యి పెట్టి, బొటనవేలంత నల్లటి ముక్క ఒకటి తీసి చూపించాడు.

"ఇదేంది?"

"రోటరు. ఇది లేకుంటే నువ్వు వైర్లన్నీ కొత్తవి వేసినా ఇంజను తిరగదు. రెండోరోజే తీసి దాచుకున్నా."

"నేను అనవసరంగా బెల్లం దండగ చేసినానా?"

"ఎలుకలు బాగుపడినాయి గదా."

భద్రమ్మ నవ్వింది. ఈసారి పమిట అడ్డం పెట్టుకోలేదు. రోటరు ఆయన చేతిలోంచి తీసుకుని, మళ్ళీ ఆయన జేబులోనే వేసి, పైనుంచి ఒకసారి తట్టింది.

"పడేసుకోవద్దు" అంది. "నువ్వంటే నాకిష్టం. ఎలుకను చూసి తొట్లో పడినప్పటి నుంచి."

"నాకు అంతకంటే ముందు నుంచే" అన్నాడు ఎర్రిస్వామి. అంతకంటే ముందు ఏమీ లేదన్న సంగతి ఇద్దరికీ పట్టలేదు.

శుక్రవారం కారు రాకపోయేసరికి గోరంట్ల వాళ్ళు కోపంగా బస్సెక్కి వచ్చారు. పెళ్ళికొడుకు, వాళ్ళ నాయన. పెళ్ళికొడుకు నల్లకళ్ళజోడు పెట్టుకున్నాడు. నడవలోకి రాకముందే కొట్టం వైపు చూశాడు.

"కారుండాదన్నారు. యాడ?"

"ఉండాది. అయితే పురిట్లో ఉండాది" అంది ఓబమ్మ.

ఎగతాళి చేస్తున్నారనుకున్నారు వాళ్ళు. కారును వాకిట్లోకి తోయాల్సిందేనని పట్టుబట్టారు. ఓబమ్మ వద్దంటున్నా వినలేదు. నలుగురు చెయ్యివేసి తోశారు. పెళ్ళికొడుకు తలుపు తీసి, దర్జాగా స్టీరింగు ముందు కూర్చుని హారను నొక్కాడు. హారను మోగలేదు, వైపరు తిరిగింది.

ఆ కుదుపుకు తల్లి ఎలుక గూట్లోంచి దూకి, కొత్త ప్యాంటు మీదుగా, కళ్ళజోడు మీదుగా బయటపడింది. పెళ్ళికొడుకు ఏ దారిన పైకెక్కాడో ఎవరూ చూడలేదు. చూసేసరికి కారు టాపు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"దిగప్పా" అన్నాడు వాళ్ళ నాయన.

"దిగను."

అప్పుడే ఉరిమింది. రెండేళ్ళుగా జాడ లేని వాన, ఏ ముందస్తు కబురూ లేకుండా వచ్చి పడింది. పెద్ద పెద్ద చినుకులు, ఎర్రమట్టి వాసన. ఊరంతా వీధిలోకి వచ్చేసింది. పెళ్ళికొడుకును ఎవరూ పట్టించుకోలేదు.

"పిల్లలు తడిసిపోతాండాయి" అంది ఓబమ్మ. తెరిచి వదిలేసిన తలుపులోంచి జల్లు, ఎత్తిపెట్టిన సీటు కింద గూట్లోకి కొడుతోంది. భద్రమ్మ చేట తీసుకుని పరుగెత్తింది.

ఎర్రిస్వామి అడ్డం వచ్చాడు. "నువ్వుండు. తల్లి మళ్ళీ వస్తే కరుస్తాది."

"నీకు భయం గదా?"

"భయమే. చేట పట్టుకో."

కారులోకి వంగాడు.  ఆంజనేయస్వామికి వడమాల మొక్కుకుంటూ, గూడుతో సహా పిల్లలను రెండు చేతుల్లోకి ఎత్తుకున్నాడు. అవి వెచ్చగా కదిలాయి. ప్రాణం పోయినంత పనైంది, కానీ వదల్లేదు. మెల్లగా చేటలో దించాడు. అలా దించుతున్నప్పుడు చొక్కా జేబులోంచి నల్లటి ముక్క ఒకటి జారి, ఎలుకపిల్లల మధ్య పడింది.

హనుమంతరాయుడు దాన్ని తీసి చూశాడు. కారు కొన్నవాడు, ఆ మాత్రం తెలుసు.

"ఇది బండిలోది గదా. నీ జేబులోకి ఎట్లొచ్చింది?"

ఎర్రిస్వామి ఖాళీ జేబు తడుముకున్నాడు. భద్రమ్మ చేట గట్టిగా పట్టుకుంది. 

ఓబమ్మ కొడుకు చేతిలోంచి ఆ ముక్క తీసుకుంది.

"వచ్చిన పొద్దు వీడు నిన్ను అన్నా అన్నాడు. తెల్లారి మామా అన్నాడు" అంది. "ఈ బండి కదలదని నాకు ఆ పొద్దే తెలుసు."

హనుమంతరాయుడు కూతురి వైపు చూశాడు. తడిసి ముద్దయిన మెకానిక్ వైపు చూశాడు. కారు టాపు మీద తడుస్తున్న గోరంట్ల పెళ్ళికొడుకు వైపు కూడా ఒకసారి చూశాడు.

"మీ నాయన ఏం చేస్తాడప్పా?" అన్నాడు ఎర్రిస్వామితో.

"మగ్గం, మామా."

"రేపు ఆయన్ను రమ్మను. ఇప్పుడు ముందు డిక్కీ తెరువు, విత్తనాలు తీయల్ల."

మూటల్లో సగం కాయలు మిగిలాయి. మిగతా సగం సీటు కింద, గూడు తీసిన చోట దొరికాయి. ఎలుకలు వాటిని శుభ్రంగా ఒలిచి, ఒక్క పప్పు పగలకుండా దాచిపెట్టాయి. ఆ ఏడాది ఊళ్ళో అందరికంటే ముందు విత్తింది హనుమంతరాయుడే.

పురుడు వెళ్ళాక ఓబమ్మ, ఆ సాయంత్రమే గూటికి తిరిగొచ్చిన తల్లికీ పిల్లలకూ గుప్పెడు ఒడిబియ్యం పెట్టి, చేట సహా చేని గట్టుకు సాగనంపింది. రోటరు తిరిగి కారులోకి చేరింది. పెళ్ళి రోజు ఆ అంబాసిడర్ ధర్మవరం వీధుల్లో ఊరేగింది. బ్రేకు నొక్కితే హారను మోగుతోంది, హారను నొక్కితే వైపరు తిరుగుతోంది. జనం అదంతా ఊరేగింపు ఏర్పాటే అనుకున్నారు.

వెనక సీట్లో బాసికాలతో కూర్చున్న ఎర్రిస్వామి ఉన్నట్టుండి భద్రమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. సీటు కింద ఏదో కదిలింది.

"ఏమైంది?" అంది భద్రమ్మ.

"కరెంటు కొట్టింది."

"ఈసారి బ్యాటరీ ఉండాదిలే" అని, ఆమె ఆ చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది.