పొంగకూడని పొడి

నంద్యాల లాడ్జీలో సిమెంట్ ఇంజనీర్ ముకుంద్‌ను ఎవరో కాఫీలో విషం పెట్టి చంపేశారు. ప్రాణం పోయేముందు అతను పంపిన మెసేజ్ ఒక్కటే: "ఆళ్లగడ్డ బావి. సిలికా అబద్ధం."

ఆ ముక్క పట్టుకునే ఏజెంట్ ప్రసన్నకుమారి ఆళ్లగడ్డ దగ్గర జియోథర్మల్ బావి గేటు ముందు సోడాబండి పెట్టింది. భూగర్భంలోని వేడితో కరెంటు తీసే బావి అది. ఇనుప గొట్టం చుట్టూ పోసే సిమెంటులో సిలికా పొడి కలిపితేనే అంత వేడికి తట్టుకుంటుంది. కలపకపోతే బలం చచ్చి బీటలిస్తుంది, ఆవిరి ఎగదన్ని, బావి తవ్వే రిగ్గు మీదున్న వాళ్లను ఉడికించేస్తుంది. ఆ రిగ్గు మీద సిమెంటు పంపు నడిపేది ఆమె సొంత అన్న వినయ్.

గోలీసోడా సీసాలో దాచిన రేడియో గురగురలాడింది. నంద్యాల నుంచి చీఫ్ రామానుజం.

"ఆపరేషన్ క్యాన్సిల్. సిలికా క్లీన్ అని దీపిక రిపోర్టిచ్చింది. వచ్చేయ్."

దీపిక డబుల్ ఏజెంట్. ఎర్ర హెల్మెట్, దానికి మ్యాచింగ్ లిప్‌స్టిక్, కన్సల్టెంటు వేషం. బావిని పేల్చాలని చూస్తున్న విదేశీ ముఠాలో ఉన్నా ఆమె మన మనిషేనని ఢిల్లీ ఆఫీసు వాళ్ల గుడ్డి నమ్మకం.

"మా అన్న ఆడుండాడు సార్. నేను యాడికీ రాను."

"ఇది ఆర్డర్."

ప్రసన్న సీసాను ఐసుపెట్టెలో పడేసింది. చీఫ్ కోపం కాసేపు అక్కడ చల్లారుతుందిలే అనుకుంది.

లోపల దీపిక చెయ్యూపింది. మిక్సర్ తిరిగింది. సోడాలమ్మే నెపంతో ప్రసన్న సరాసరి సిలికా బస్తాల దగ్గరికి నడిచి, ఒకటి చింపి, గుప్పెడు పొడి మీద నిమ్మకాయ పిండింది. పొడి బుసబుసా పొంగింది.

"అన్నా, పంపు ఆపు."

"ఏందిమే?"

"సిలికాకు పులుపు తగిల్తే ఏం కాదు. ఇది మన బేతంచెర్ల సున్నపురాయి బండల పొడి, పులుపుకు పొంగుతాది. బండ మీద చింతపండు పెడితే అమ్మ వీపు పగలగొడతాండె గదా, దేనికనుకున్యావ్?"

ఆ దెబ్బలు వినయ్ మరిచిపోలేదు. వెంటనే లీవర్ లాగి పంపు ఆపాడు. సిమెంటు బావి మూతి దాకా వచ్చి ఆగింది.

దీపిక హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ తీసింది. ప్రసన్న సోడాసీసాను ఊపి గోలీ నొక్కింది. నురగ కళ్లలో కొట్టేసరికి పిస్టల్‌తో పాటు బ్యాగులోని విషం సీసా కూడా బురదలో పడింది. ముకుంద్ కాఫీలో విషం కలిపిన ఆ చేతులకు వినయ్ తాడు కట్టాడు.

జీపెక్కిస్తుంటే దీపిక గొంతెండి అడిగింది. "ఒక నిమ్మసోడా ఇవ్వు."

"నిమ్మకాయ సాక్ష్యానికి పోయింది మేడం. ఉప్పుసోడా ఉంది, తాగుతారా?"