ఎడమ సగం

రంగుల మేస్త్రి తన రంగు గదిలోనే బోర్లా పడి ఉన్నాడు. తల వెనక చిట్లింది. పక్కన చెక్క సుత్తి.

టైము పదకొండూ ఇరవై.

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి గదిని కలయజూశాడు. చిన్న గది. ఒక్కటే కిటికీ, మూసి ఉంది. అరల మీద రంగు సీసాలు. మధ్యలో నడుమెత్తు బల్ల. బల్ల మీద చేతి సంచీ అంత తోలు బ్యాగు. నడిమధ్యన గంధం రంగు. దాని చుట్టూ తేనె రంగు. ఆపైన కాఫీ రంగు. అంచున నలుపు. గుమ్మంలోంచి చూస్తే ఒక రంగు ఇంకో రంగులోకి కరిగిపోతున్నట్టుంది.

"బ్యాగు భలే ఉంది సార్," అన్నాడు కానిస్టేబుల్.

"చచ్చినవాణ్ణి చూడవయ్యా."

"చూశాను సార్. ఆయనేం బాగాలేడు."

మేస్త్రి కుడిచేతిలో గుడ్డ ఉండ ఇంకా అలాగే ఉంది. దానికి నల్లరంగు పట్టి ఆరిపోయింది. సుత్తి పిడిని ఎవరో స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచారు. వేలిముద్రలు లేవు. పదింబావుకీ పదీ నలభైకీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు.

ఆ టైములో ఇంట్లోనో, ఇంటి దగ్గర్లోనో ఉన్నది ముగ్గురే. మేస్త్రి భార్య. మేస్త్రి తమ్ముడు, బ్యాగులు కుట్టేవాడు. బ్యాగులు కొనుక్కెళ్ళే షావుకారు.

షావుకారే ముందు మాట అందుకున్నాడు.

"పదింటికి వచ్చాను సార్. అన్నదమ్ములు లోపల అరుచుకుంటున్నారు. నీ తల పగలగొడతా అన్నాడు తమ్ముడు. ఈ చెవులతో విన్నాను."

"తర్వాత?"

"తమ్ముడు విసురుగా వీధిలోకి పోయాడు. పదీ పది అయ్యుంటుంది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. మేస్త్రి అంచుకి నలుపు వేస్తున్నాడు. తొమ్మిదేళ్ళ బేరంలో ఆయన పని చేస్తుంటే చూడ్డం అదే మొదలు. రంగు గదిలోకి పిట్టని కూడా రానిచ్చేవాడు కాదు. ఇవాళ నేనే పంతం పట్టాను, ఒక్కసారి చూపించాల్సిందేనని."

"ఎంతసేపు చూశారు?"

"అయిదు నిమిషాలు. కుడివైపు అంచు అయ్యాక, దుమ్ము పడుతుందని కిటికీ మూసేశాడు. నేను టీ తాగడానికి పోయాను."

తమ్ముడికి ముప్పై ఏళ్ళుంటాయి. తల దించుకుని నిలబడ్డాడు.

"గొడవ దేనికి?"

"ఇంటి విషయం సార్."

"సుత్తి ఎవరిది?"

"నాదే."

"ఎక్కడికి పోయావు?"

"దారం కొట్టుకి. పదీ నలభైకి తిరిగొచ్చి వసారాలో కుట్టుకుంటూ కూర్చున్నా. వదిన కేక పెడితేగాని తెలీలేదు."

దారం కొట్టువాణ్ణి అడిగారు. "వచ్చాడండీ. ఎప్పుడంటే ఏం చెప్పను? నేను గడియారం చూస్తానా, గిరాకీ చూస్తానా?" అన్నాడతను.

మేస్త్రి భార్య గోడకి చేరగిలబడి కూర్చుంది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"వంటింట్లో ఉన్నాను బాబూ. పదకొండింటికి టీ పట్టుకెళ్ళాను. అప్పుడు చూశాను."

"రంగు గదిలోకి మీరు వెళ్ళరా?"

"ఊడవడానికి వెళ్తాను. ఇంకెందుకు?"

ఆవిడ కుడిచేతి వేళ్ళు నల్లగా ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ చూపు అక్కడ ఆగింది.

"రంగు గుడ్డలు ఉతికేది నేనేగా," అందావిడ అడక్కుండానే.

ఫోటో తీయడానికి కానిస్టేబుల్ బ్యాగుని వాకిట్లోకి పట్టుకెళ్ళబోయాడు. "ఎండలో పెట్టకయ్యా, ఇంకా మైనం పట్టించలేదు," అందావిడ.

మొగుడి శవం మీద గుడ్డ కప్పుతుంటే అటు తిరగని మనిషి.

పన్నెండింటికి పై ఆఫీసరు ఫోన్ చేశాడు. "సుత్తి వాడిది. బెదిరింపు వాడిది. ఇంకేం కావాలి? అయిదింటికి కోర్టులో పెట్టి రిమాండ్‌కి పంపెయ్."

తమ్ముడికి బేడీలు వేశారు. అతను వదిన వైపు చూశాడు. ఆవిడ నేల చూసింది.

స్టేషన్‌కి వచ్చినా ఇన్‌స్పెక్టర్‌కి మనసు కుదురుకోలేదు. పొద్దుటినుంచీ పన్ను నొప్పి. కానీ అది పన్ను నొప్పి ఒక్కటే కాదు. ఒంటిగంటన్నరకి లాకప్ ముందు కుర్చీ వేసుకున్నాడు.

"నీ చేతులు చూపించు."

చూపించాడు. దారం కోసిన గీతలు. మైనం. అంతే.

"నలుపు అంటితే ఎన్నాళ్ళకి పోతుంది?"

"గోళ్ళలో దిగితే వారం ఉంటుంది సార్."

"చేతొడుగులు వేసుకోరా?"

"వేసుకుంటే తోలు ఎక్కడ తడిగా ఉందో తెలీదు."

"ఆ రంగులు అలా కలిసిపోయేట్టు ఎలా వేస్తారు?"

పని మాట రాగానే అతని మొహం కొంచెం తేటపడింది. "లేతది ముందు, ముదురు చివర. మూడు వేళ్ళతో గుడ్డ ఉండ పట్టుకుని, బరువు పెట్టకుండా, సున్నాలు చుట్టినట్టు చుడుతూ పోవాలి. ఆఖరి నలుపు మొదలుపెట్టాక చెయ్యి ఆపకూడదు. ఆపితే ఆపినచోట గీత పడిపోతుంది. ఇక ఆ తోలు దేనికీ పనికిరాదు."

"ఒక పక్క అంచుకి ఎంతసేపు?"

"సరిగ్గా వేస్తే ఇరవై అయిదు నిమిషాలు."

ఇన్‌స్పెక్టర్ బ్యాగు ఫోటో జేబులోంచి తీసి ఊచల్లోంచి అందించాడు. తమ్ముడు చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. ఫోటో తిరిగి ఇచ్చేశాడు.

"ఏమైంది?"

"నాకేం తెలీదు సార్. రాసుకోండి. నేనే చంపానని రాసుకోండి."

అప్పటిదాకా ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు వాడు.

రెండూ నలభైకి ఇన్‌స్పెక్టర్ భూతద్దం పట్టుకుని బ్యాగు ముందు కూర్చున్నాడు. అరగంట లేవలేదు. లేచాక నీళ్ళు తాగి, "అందర్నీ రంగు గదికి రమ్మను," అన్నాడు.

నాలుగింటికి అందరూ వచ్చారు. తమ్ముడు బేడీలతోనే ఉన్నాడు. బ్యాగు బల్ల మీద ఉంది.

"షావుకారుగారూ, మీకు పని తెలుసు. చూసి చెప్పండి. ఎలా ఉంది?"

షావుకారు కళ్ళజోడు సర్దుకున్నాడు. బ్యాగుని అటూ ఇటూ తిప్పాడు. "ఎడమవైపు అసలైన మేస్త్రి పని సార్. నలుపు ఎక్కడ మొదలైందో కనిపెట్టలేం. కుడివైపే ఏదో తేడా. మసి పూసినట్టుంది. చారలు కూడా కనిపిస్తున్నాయి."

"మేస్త్రి చేత్తో వేస్తుంటే మీరు చూసింది ఏ వైపు?"

షావుకారు బ్యాగుని బల్ల మీద పెట్టేశాడు.

"కుడివైపు," అన్నాడు చివరికి.

"మరి ఎడమవైపు ఎవరిది?"



"బ్యాగు మీద రక్తం చుక్కలున్నాయి. ఆవగింజ అంతవి. కుడివైపు చుక్కలు నలుపు మీద ఉన్నాయి. ఎడమవైపు చుక్కలు నలుపు కింద ఉన్నాయి. అంటే దెబ్బ పడేసరికి ఎడమవైపు నలుపు లేదు. మేస్త్రి పోయాక ఎవరో వేశారు. ఇరవై అయిదు నిమిషాలు. శవం కాళ్ళ దగ్గర ఉండగా."

"హంతకుడు ఆగి రంగు వేస్తాడా సార్?" అన్నాడు కానిస్టేబుల్.

"దొంగైతే పారిపోతాడు. పగవాడైతే పారిపోతాడు. తోలు పాడైపోతుందని ప్రాణం కొట్టుకునేవాళ్ళే ఆగుతారు. ఈ కుర్రాడి చేతులకి రంగు లేదు. షావుకారుగారి చేతులకీ లేదు." ఇన్‌స్పెక్టర్ ఆవిడ వైపు తిరిగాడు. "గుడ్డలు ఉతికితే చెయ్యంతా రంగు పాకుతుందమ్మా. మీకు మూడు వేళ్ళకే ఉంది."

ఆవిడ కదల్లేదు. "నీళ్ళలో అలాగే అంటుకుంటుంది బాబూ."

"సరే. వీణ్ణి అయిదింటికి కోర్టుకి తీసుకెళ్తాం. లేబ్ వాళ్ళకి రక్తం కిందుందో పైనుందో తేల్చడానికి ఎడమ అంచు ముక్క కావాలి." కానిస్టేబుల్‌కి సైగ చేశాడు. "కొయ్యి."

కానిస్టేబుల్ తోలు కోసే కత్తి తీసుకున్నాడు. మొన అంచుకి ఆనింది.

"కొయ్యకు!"

గదంతా ఉలిక్కిపడింది. ఆవిడ బల్ల దగ్గరికి వచ్చేసి, బ్యాగుని రెండు చేతులతో కప్పేసింది.

"కొయ్యకయ్యా. అది నా చెయ్యి. పదహారు రోజులు పెట్టాను దీనికి."

ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాగి ఇచ్చాడు. ఆవిడ కూర్చోలేదు.

"ఎన్నాళ్ళుగా వేస్తున్నారమ్మా?"

"పెళ్ళైన రెండో ఏడు నుంచి. ఆయన చెయ్యి బరువు. రంగు నిలిచేది కాదు. తలుపేసి నాచేత వేయించేవాడు. బయటికొచ్చి ఆయన చెయ్యి కడుక్కునేవాడు."

"ఇవాళ ఏం జరిగింది?"

"షావుకారు చూస్తానన్నాడని తనే గుడ్డ పట్టాడు. కుడివైపంతా నాశనం చేశాడు. కిటికీ మూసి నన్ను పిలిచాడు. ఇంత పాడు చేశావు, నేనేం బాగుచెయ్యను అన్నాను. నవ్వాడు. నా పేరుంటే పేడ పూసినా కొంటారు అన్నాడు. ఎడమవైపు కూడా తనే వేస్తానని వంగాడు." ఆవిడ తన కుడిచెయ్యి చూసుకుంది. "సుత్తి చేతికి తగిలింది."

షావుకారు నేల చూశాడు. తొమ్మిదేళ్ళుగా చెయ్యి తిరిగిన మేస్త్రి అని నలుగురికీ చెప్పుకున్న మనిషి.

టైము నాలుగూ ముప్పై అయిదు. తమ్ముడి బేడీలు తీశారు.

"పొద్దున నేను అన్నయ్యతో పోట్లాడింది నీకోసమే వదినా," అన్నాడతను. "బ్యాగు మీద నీ పేరు కూడా వెయ్యమన్నాను."

"విన్నాను. గోడ అవతలే ఉన్నానుగా."

"ఏడేళ్ళప్పుడు నీ చేతికొచ్చాను. నువ్వే పెంచావు. ఆ ఫోటో చూడగానే నీ చెయ్యని తెలిసింది నాకు. అయినా నోరు మెదపలేదు." బ్యాగు వైపు చూపించాడు. "బ్యాగు కోస్తుంటే అరిచావు. నన్ను తీసుకెళ్తుంటే అరవలేదేం?"

ఆవిడ తలెత్తి అతన్ని చూసింది. అబద్ధం ఒకటి చెప్పి ఉంటే అక్కడున్న అందరూ నమ్మేవాళ్ళు.

"నువ్వు ఎప్పటికైనా తిరిగొస్తావనుకున్నానురా," అంది. "తెగిన తోలు రాదు."

తమ్ముడు చొక్కా చేతులు కిందికి లాక్కుని, వాళ్ళందరికంటే ముందు గదిలోంచి బయటికి నడిచాడు. వీధిలో ఏ వైపు పోవాలో తెలియక నిలబడ్డాడు.