పసుపు గడప, నీలి గీత

మంగతాయారు ఇంటి గడప ముందు గొంతుక్కూర్చుని సైంటిస్టు వకుళ భూతద్దంతో ఏదో వెతుకుతోంది. లోపల కుట్టుమిషను మీద జాకెట్టుకి చేతులు అతుకుతున్న తాయారుకి పని సాగడం లేదు. వచ్చింది మొదలు ఆ పిల్ల "తడి లేదే... తడి లేదే..." అని ఒకటే గొణుగుడు. లేని తడిని వెతకడానికి అంత చదువు దేనికో తాయారుకి అంతుపట్టలేదు.

అప్పటికి ఆ నగరంలో ప్రతి గుమ్మానికీ 'నీటిగీత' వచ్చేసింది. చూడ్డానికి అగ్గిపెట్టెంత యంత్రం. వానల లెక్కలూ, కాలవ మట్టమూ, నేల వాలూ దానికి తెలుసు. అన్నిటికంటే దానికి గడప మీద నమ్మకం ఎక్కువ. పాత వరదలు గడప మీద వదిలిన మట్టి మరకల్ని కెమెరాతో చూసి, వచ్చే వానాకాలం ఇంట్లోకి నీళ్ళు ఎంత ఎత్తున వస్తాయో, గోడ మీద అంత ఎత్తున నీలి గీత వేస్తుంది. జనం ప్రాణాలు కాపాడదామని వకుళా వాళ్ళూ కనిపెట్టారు పాపం. జనం దాంతో అద్దెలు లెక్కగట్టుకున్నారు. గీత పాదాల దగ్గరుంటే ఇల్లు బంగారం, నడుము దాటితే అడిగే నాథుడుండడు. ఇదివరకు ఇల్లు చూడ్డానికొచ్చి వాస్తు అడిగేవాళ్ళు ఇప్పుడు గీత అడుగుతున్నారు.

తాయారు వాటాలో గీత గుండెల దాకా ఉంది. అందుకే ఆ అద్దె ఆమెకి అందింది. మొగుడు పోయాక ఆ గదిలోనే మిషను పెట్టుకుని నిలదొక్కుకుంది. కుట్టు బేరాలన్నీ ఆ వీధివే. వీధి మారితే బతుకు మళ్ళీ మొదటికొస్తుంది.

"మీ కాలనీలో గీతలన్నీ శనివారం లేస్తున్నాయి, గురువారానికి దిగుతున్నాయి," అంది వకుళ లేచి నిలబడి. "వరద ఎక్కడైనా వారాలు చూసుకుని వస్తుందా అమ్మా?"

"ఏమో తల్లీ. వర్జ్యం చూసుకుంటుందేమో."

వాకిట్లో నిలబడ్డ ఇంటాయన పేర్రాజు కల్పించుకున్నాడు. "అందుకే మేమంతా ఇల్లు గురువారం చూపిస్తామండీ. శనివారం వచ్చిన వాళ్ళు మా ప్రాణాలు తోడేస్తారు."

వకుళ మళ్ళీ వంగి గడపని గోటితో గీకింది. గోరు పచ్చబడింది. "ఇదేంటి?"

"పసుపమ్మా. శుక్రవారం గడపకి పసుపు రాయకుండా ఎలాగ?"

వకుళ తడిగుడ్డ అడిగి పుచ్చుకుని గడపంతా శుభ్రంగా తుడిచేసింది. గోడ మీద గీత ఒకసారి వణికి, జారి జారి నేలకి ఆనుకుంది. యంత్రం ఇన్నాళ్ళూ పసుపుని వరద మట్టి అనుకుంటోంది! తాయారుకి భక్తి ఎక్కువ, కనక గీత కూడా ఎక్కువే. అయితే ఆ గుడ్డకి అంటినదాంట్లో పసుపెంతో, ఏళ్ళనాటి బురదెంతో ఎవరూ చూడలేదు.

పేర్రాజు మొహం చేటంతయింది. "తాయారమ్మా, మనింటికి వరద లేదు! వచ్చే నెల నుంచి ఊళ్ళో అందరిలాగే అద్దె. మూడింతలు."

తాయారుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇల్లు మునగదన్న మంచి కబురు తనని ముంచడమేమిటో! తనే వెళ్ళి వకుళ చెయ్యి పట్టుకుంది. "ఆ గీత ఇదివరకున్నచోటే ఉండనీ తల్లీ. నీకేం పోయింది?"

"తప్పని తెలిశాక ఎలా ఉంచనమ్మా? ఊరంతటికీ సరిచేస్తాను. ఇకమీదట యంత్రం గడప మీద పచ్చగా ఏది కనబడ్డా పసుపనుకుని వదిలేస్తుంది. మీరు నిశ్చింతగా రాసుకోండి."

"రాసుకోడానికి గడపంటూ ఉండాలిగా," అంది తాయారు.

కాలనీలో గీతలు దిగాయి, అద్దెలు లేచాయి. తాయారు ఖాళీ చెయ్యాల్సిన రోజున కుండపోతగా వాన పట్టుకుంది. మధ్యాహ్నానికి కాలవ కట్ట దాటింది. పచ్చటి బురదనీళ్ళు వీధి నిండి, గడప దాటి, మోకాళ్ళ దాకా వచ్చేశాయి. నీలి గీత మాత్రం నేలనే అంటిపెట్టుకుని నీళ్ళ అడుగున వెలుగుతోంది.

ఆ నీళ్ళలోనే పంట్లాం పైకి మడుచుకుని కొత్తగా దిగేవాళ్ళు వచ్చారు, మొగుడూ పెళ్ళామూ. వెనకాలే వకుళ పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, ఇవి నీళ్ళే కదా?" అనడిగింది తాయారు. తన కళ్ళ మీద తనకే నమ్మకం పోయింది.

వకుళ చేతిలో ట్యాబ్ చూసుకుంది. "నా కాళ్ళకి నీళ్ళే తాయారుగారూ. దీనికే... పసుపు."

"యంత్రం చెబుతోందిగా, పసుపే లెండి," అన్నాడు పేర్రాజు పంచె ఎగ్గడుతూ.

కొత్తాయన నీళ్ళ వంక చూశాడు, ఫోను వంక చూశాడు. ఫోన్లో ఇల్లు పొడిగా ఉంది. ఇలాంటి ఇల్లు చెయ్యి జారితే మళ్ళీ దొరకదనుకున్నాడో ఏమో, అక్కడే నిలబడి అడ్వాన్సు పంపేశాడు. ఆయన భార్య తేలిపోతున్న చెప్పుని అందుకుని, పాలు పొంగించడానికి పొయ్యి ఎక్కడ పెట్టాలని అడిగింది.

తాయారు మిషను తలని చంకనెత్తుకుంది. కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియడం లేదు. గుమ్మం దాకా వెళ్ళేసరికి వెనక నుంచి పేర్రాజు పిలిచాడు.

"తాయారమ్మా, వెళ్ళేముందు ఒక్కసారి నేల తుడిచి వెళ్ళు. వాళ్ళు పాలు పొంగించుకోవాలి."

తాయారు మిషనుని మంచమ్మీద దింపింది. అలవాటు చొప్పున తడిగుడ్డ తీసుకుని వంగింది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియక అలాగే ఉండిపోయింది.